పెరటి కోళ్లకు నిపుల్ డ్రింకర్లు అలవాటు చేయడం ఎలా?

నేల మీద పెట్టిన నీళ్ల పళ్లెంలోకి కోళ్లు మట్టిని, పొట్టును చిమ్ముతాయి, రెట్ట కూడా వేస్తాయి. కాక్సిడియోసిస్ వంటి పేగు వ్యాధులు ఆ మురికి నీటి ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి తేలికగా సోకుతాయి. ముక్కుతో పొడిచినప్పుడు మాత్రమే నీటిని చుక్కలుగా వదిలే నిపుల్ డ్రింకర్లతో ఈ బెడద చాలావరకు తప్పుతుంది. బిగించడం కొద్దిసేపటి పనే గానీ, కోళ్లకు నేర్పడానికి మాత్రం ఓపిక కావాలి.

ఎండలు ముదిరినప్పుడు, కొత్త కోళ్లను గుంపులో కలిపిన వారంలో ఈ మార్పు మొదలుపెట్టకూడదు. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు పావు లీటరు నీరు తాగుతుంది. వేడికి అది రెట్టింపు కావచ్చు. గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీరే కనుక, కోడికి ఒక్క రోజు నీరందకపోయినా గుడ్లు తగ్గే ప్రమాదం ఉంది.

వెలుతురు చొరబడని, మూత ఉన్న బకెట్‌ను ఎంచుకోండి; పారదర్శకమైన దానిలో త్వరగా పాచి పడుతుంది. నిలువు రకం నిపుళ్లను బకెట్ అడుగున, అడ్డ రకం వాటిని పక్కగోడకు అమర్చి, మర దగ్గర కారకుండా టెఫ్లాన్ టేపు చుట్టండి. 3 లేదా 4 కోళ్లకు ఒక నిపుల్ లెక్క సరిపోతుంది. పెత్తనం చేసే కోడి ఒకదానికి అడ్డంగా నిలబడిపోతుంది కాబట్టి, గుంపు ఎంత చిన్నదైనా కనీసం 2 ఉండాలి. మూతకు సన్నని రంధ్రం చేయడం మరువకండి. లోపలికి గాలి వెళ్లే దారి లేకపోతే కాసేపటికి ధార ఆగిపోతుంది; బకెట్ నిండుగానే కనిపిస్తుంది గానీ కోడికి చుక్క దక్కదు. కుళాయి గొట్టాన్ని నేరుగా కలిపితే ఒత్తిడికి నిపుళ్లు కారుతాయి.

కోడి నీటిని మింగడానికి ఎలాగూ తలెత్తుతుంది కనుక, నిలువు నిపుల్‌ను మెడ కాస్త పైకి సాచితే అందేంత ఎత్తులో, అడ్డ నిపుల్‌ను కంటి ఎత్తులో ఉంచాలి.

బకెట్‌ను పాత పళ్లెం పక్కనే వేలాడదీసి, మొదటి 2, 3 రోజులు రెండింటినీ ఉంచండి. కోళ్లు దగ్గరగా ఉన్నప్పుడు నిపుల్‌ను వేలితో తట్టి చూపండి. మెరిసే పిన్నును, దాని కొసన వేలాడే నీటి చుక్కను చూడగానే వాటికి పొడవాలనిపిస్తుంది. ధైర్యమున్న ఒక కోడి నేర్చుకుంటే, దాన్ని చూసి మిగిలినవీ ప్రయత్నిస్తాయి. తర్వాత పొద్దున గూటి నుంచి వదిలినప్పుడు, అంటే అవి దాహంతో ఉన్న వేళ, పళ్లేన్ని గంట, రెండు గంటలు తీసి మళ్లీ పెట్టండి. ఆ వ్యవధిని రోజురోజుకూ పెంచండి. పళ్లేన్ని ఒక్కసారిగా తీసేస్తే దాహమే నేర్పుతుందని కొందరు చెబుతారు గానీ, ఆ పద్ధతిలో నష్టపోయేవి పిరికి కోళ్లు, ముసలి కోళ్లే.

బకెట్‌లో నీరు తగ్గినంత మాత్రాన అన్నీ తాగుతున్నట్టు కాదు. ఒకేలా కనిపించే కోళ్ల కాళ్లకు రంగు రింగులు వేసి, ప్రతి ఒక్కటీ తాగడం కళ్లారా చూశాకే పళ్లేన్ని పూర్తిగా తీయండి. ఏదైనా కోడి దాణా తగ్గించినా, దాని తల మీది ఎర్రని జుట్టు ముడుచుకుని నల్లబడినా వెంటనే పళ్లెం తిరిగి పెట్టాలి.

ఇసుక రేణువు ఇరుక్కుంటే నిపుల్ మూసుకుపోతుంది గనుక రోజూ ఒక్కోదాన్ని వేలితో నొక్కి చూడండి. వారానికొకసారి బకెట్‌ను కడగండి. నీరు గడ్డకట్టేంత చలిలో నిపుళ్లు పనిచేయవు. తీవ్రమైన వడగాడ్పుల్లో చుక్కలు చాలకపోవచ్చు. ఆ రోజుల కోసం పాత పళ్లేన్ని దాచి ఉంచండి.