పాత నెగెటివ్‌లు, స్లైడ్‌లు ఇంట్లోనే స్కాన్ చేసుకోవడం ఎలా? (మళ్ళీ రెండోసారి చెయ్యక్కర్లేకుండా)

ముందే ఒప్పేసుకుంటున్నా, నేను ఈ పని రెండుసార్లు చేశాను. మొదటిసారి 400 పైచిలుకు ఫ్రేములు రోజూ రాత్రిళ్ళు కూర్చుని లాగించేశా, అన్నీ జేపెగ్‌లోనే, ఆటో కలర్ ఆన్‌లో పెట్టి, దుమ్ము ఏదో ఉఫ్ అని ఊది. తీరా పెద్ద స్క్రీన్ మీద చూస్తే ఆకాశం నిండా చుక్కలు, మొహాలు సున్నం కొట్టినట్టు, నీడలున్న చోటల్లా నల్లముద్ద. మళ్ళీ మొదటినుంచి. మీకు ఆ తిప్పలు లేకుండా ఒక్కసారే చేసి వదిలించుకునేలా రాస్తున్నా.

1. అసలు మీ దగ్గర ఏముందో చూసుకోండి

వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే బొమ్మ మామూలు రంగుల్లోనే కనిపిస్తూ, సుమారు 5 సెంటీమీటర్ల చదరపు అట్ట లేదా ప్లాస్టిక్ ఫ్రేమ్‌లో ఉంటే అది స్లైడ్. నారింజ-గోధుమ రంగు పట్టీ మీద రంగులు తిరగబడి ఉంటే కలర్ నెగెటివ్. బూడిదరంగులో నలుపు తెలుపు తారుమారై ఉంటే బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్. మామూలు 35 ఎంఎం రీలులో ఒక్కో ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు, 120 ఫిల్మ్ అయితే వెడల్పే 6 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, దానికి హోల్డర్ (స్కాన్ చేసేటప్పుడు ఫిల్మ్‌ని పట్టి ఉంచే చట్రం) వేరే కావాలి. ఏ రకమో ఇప్పుడే తెలుసుకోవడం ఎందుకంటే, కింద చెప్పబోయే దుమ్ము తీసే ఫీచర్ అన్నిటి మీదా పనిచెయ్యదు.

డబ్బా తెరవగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఆ ఫిల్మ్ పాడవడం మొదలైందని అర్థం, ఎసిటేట్ బేస్ (ఫిల్మ్ తయారైన ప్లాస్టిక్) విరిగిపోతున్నప్పుడు వచ్చే వాసన అది. వాటిని మిగతావాటితో కలిపి ఉంచకండి, వేరుగా పెట్టి ముందు వాటినే స్కాన్ చేసెయ్యండి. ఇంకోటి, 1950ల మొదటి వరకూ వాడిన కొన్ని ఫిల్ములు నైట్రేట్‌వి, వాటికి నిప్పు చాలా తేలిగ్గా అంటుకుంటుంది. అంచు మీద నైట్రేట్ అని ఉన్నా, అంత పాతవి జిగురు జిగురుగా, పసుపుపచ్చగా మారినా ఇంట్లో ప్రయోగాలు వద్దు, ఫిల్ములు భద్రపరిచే ఆర్కైవ్ వాళ్ళని అడగండి.

2. అన్నీ స్కాన్ చెయ్యాలనుకోవద్దు

ఇది వినడానికి బాధగానే ఉంటుంది గానీ, ఒకే సీన్ ఆరుసార్లు తీసినవి, షేక్ అయినవి, వేలు అడ్డమొచ్చినవి అన్నీ ఎక్కిస్తూ కూర్చుంటే సగంలో విసుగొచ్చి డబ్బా మళ్ళీ అటకెక్కుతుంది. ల్యాప్‌టాప్‌లో తెల్లటి ఖాళీ పేజీ ఫుల్ స్క్రీన్ పెట్టి దాని ముందు స్ట్రిప్ పట్టుకోండి. నెగెటివ్‌లో మొహాలు గుర్తుపట్టడం కష్టం కదా, దానికో చిట్కా ఉంది, ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలో రంగులు తిరగేసే ఆప్షన్ ఉంటుంది, అది ఆన్ చేసి కెమెరా తెరిచి నెగెటివ్ వైపు చూపిస్తే స్క్రీన్ మీద మామూలు ఫొటోలా కనిపిస్తుంది, రంగులు అంత బాగుండవు గానీ ఎవరు ఎవరో తెలిసిపోతుంది. కావాల్సిన ఫ్రేముల నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి, అంచు మీద 12, 12ఏ, 13 అని ఉంటాయి చూడండి, అవే.

3. దేంతో స్కాన్ చెయ్యాలి?

కాగితాలు స్కాన్ చేసే మామూలు స్కానర్‌తో కుదరదు. అది కిందనుంచి లైటు వేసి కాగితం మీద పడి తిరిగొచ్చిన వెలుగుని చదువుతుంది, ఫిల్మ్‌కేమో వెలుగు లోపల్నుంచి దాటుకుని రావాలి. అందుకే మూతలో కూడా లైటు ఉన్న ఫ్లాట్‌బెడ్ కావాలి, ఎప్సన్ వీ600 లాంటివి. దీంట్లో ఒకేసారి రెండు మూడు స్ట్రిప్‌లు పెట్టొచ్చు, 120 ఫిల్మ్‌కి చాలా బాగుంటుంది, 35 ఎంఎంకి పర్లేదు. రెండోది ఫిల్మ్ కోసమే చేసిన స్కానర్, ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ లాంటివి, 35 ఎంఎంకి షార్ప్‌గా వస్తుంది గానీ ఒక్కో ఫ్రేమూ చేత్తో జరుపుకుంటూ కూర్చోవాలి. మూడోది డిజిటల్ కెమెరా, మాక్రో లెన్స్ (చిన్నవాటిని బాగా దగ్గర్నుంచి తీసేది), కింద లైట్ ప్యానెల్. ఇప్పటికే కెమెరా ఉన్నవాళ్ళు నా మాట విని ఇదే చెయ్యండి, ఒకసారి సెట్ చేసుకున్నాక ఫ్రేముకి పది సెకన్లు కూడా పట్టదు.

చిన్న డబ్బాలా ఉండి, కంప్యూటర్ కూడా అక్కర్లేకుండా బటన్ నొక్కితే మెమరీ కార్డులోకి ఎక్కించేసేవి కూడా ఉంటాయి. చాలావాటిలో లోపల ఉండేది ఓ చిన్న కెమెరా సెన్సరే, వచ్చేది జేపెగ్ మాత్రమే. ఫోన్లో చూసుకుని మురిసిపోడానికి చాలు, దాచుకోడానికి చాలదు.

4. డీపీఐ గోల

అట్టపెట్టె మీద డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందో) 6400, 9600 అని రాసుంటే పొంగిపోకండి, ఫ్లాట్‌బెడ్‌లో నిజంగా దక్కే వివరం అందులో సగం కూడా ఉండదు, మిగతాదంతా ఫైలు సైజు పెరగడమే. లెక్క మీరే వేసుకోవచ్చు: 35 ఎంఎం ఫ్రేముని 2400 డీపీఐలో స్కాన్ చేస్తే సుమారు 3400×2270 పిక్సెల్స్, అంటే 7.7 మెగాపిక్సెల్, 11 అంగుళాల ప్రింటుకి సరిపోతుంది. 4000లో అయితే 5670×3780, దగ్గర దగ్గర 21 మెగాపిక్సెల్. ఫ్లాట్‌బెడ్ అయితే 2400 లేదా 3200 పెట్టండి, ఫిల్మ్ స్కానర్ అయితే 3600 నుంచి 4000 దాకా వెళ్ళండి, అక్కడితో ఆపెయ్యండి.

డీపీఐ కన్నా ముఖ్యమైంది బిట్ డెప్త్, అంటే ఒక్కో చుక్కలో రంగు ఎన్ని మెట్లలో నమోదవుతుందో అది. కలర్‌కి 48 బిట్ (ఎరుపు, పచ్చ, నీలం ఒక్కోదానికి 16), బ్లాక్ అండ్ వైట్‌కి 16 బిట్ గ్రే ఎంచుకుని టిఫ్‌లో (నాణ్యత తగ్గించకుండా దాచే ఫైలు రకం) సేవ్ చెయ్యండి. నెగెటివ్ రంగుల్ని తర్వాత చాలా లాగాల్సి వస్తుంది, 8 బిట్ జేపెగ్‌ని అంత లాగితే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడతాయి (నా మొదటి 400 గతి అదే). 4000 డీపీఐ, 48 బిట్ టిఫ్ ఒక్కోటి దాదాపు 128 ఎంబీ వస్తుంది, నూరు ఫ్రేములకి 13 జీబీ అనుకోండి, డిస్క్ ముందే ఖాళీ చేసుకోండి.

5. దుమ్ము. అన్నిటికన్నా పెద్ద పని ఇదే

ఇక్కడ ఒక్క నిమిషం పెడితే తర్వాత కంప్యూటర్లో ఇరవై నిమిషాలు మిగులుతాయి. ఫ్యాన్ ఆపెయ్యండి, టేబుల్ తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి, స్కానర్ కింది గాజు, మూతలోని గాజు రెండూ తుడవండి. చేతులకి నూలు గ్లౌజులు వేసుకోండి, లేదంటే ఫిల్మ్‌ని అంచులు మాత్రమే పట్టుకోండి, వేలిముద్ర పడితే అది అంత తేలిగ్గా పోదు. రబ్బరు బ్లోయర్‌తో రెండువైపులా గాలి కొట్టి, ఇంకా ఉంటే మెత్తటి యాంటీ-స్టాటిక్ బ్రష్‌తో ఒకే దిశలో మెల్లగా లాగండి. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. గాలి నింపిన స్ప్రే డబ్బాలు కూడా నాకు నచ్చవు, కాస్త వంచితే చాలు లోపలి ద్రవం ఫిల్మ్ మీద చిమ్ముతుంది.

జిడ్డు మరకలుంటే ఫిల్మ్ క్లీనర్ గానీ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ మెత్తటి గుడ్డకి కొద్దిగా అద్ది, ముందు పనికిరాని ఫ్రేము మీద చూసి ఆ తర్వాతే మిగతావాటి మీద వాడండి. నీళ్ళు మాత్రం వద్దు, ముఖ్యంగా బూజు పట్టినవాటికి, బూజు తినేసిన జిలటిన్ (బొమ్మ ఉండే పొర) నీళ్ళు తగలగానే బొమ్మతో సహా ఊడొచ్చెయ్యొచ్చు.

6. ఫిల్మ్ పెట్టడం

ఫిల్మ్‌కి ఒకవైపు మెరుస్తూ ఉంటుంది, ఇంకోవైపు కాస్త మసగ్గా ఉంటుంది, మసగ్గా ఉన్నది ఎమల్షన్, బొమ్మ ఉండేది అక్కడే. అంచు మీద అక్షరాలు సరిగ్గా చదవగలుగుతున్నారంటే మీరు మెరిసే వైపు నుంచి చూస్తున్నారని అర్థం. ఏ వైపు కిందికి పెట్టాలో మీ స్కానర్ హోల్డర్ మీద చూపిస్తారు, కెమెరాతో తీసేవాళ్ళు ఎమల్షన్ లెన్స్ వైపు ఉంచి తర్వాత ఫొటోని అద్దంలోలా తిప్పేసుకోవచ్చు. తిప్పడం మర్చిపోతే బోర్డుల మీద అక్షరాలు తిరగబడి ఉంటాయి, చొక్కా జేబు కుడివైపుకి వచ్చేస్తుంది, అలా దొరికిపోతుంది.

చుట్టలు చుట్టుకుపోయే ఫిల్మ్‌ని స్లీవ్‌లో పెట్టి రెండు లావుపాటి పుస్తకాల మధ్య రెండు మూడు రోజులు ఉంచండి. చదునుగా లేకపోతే మధ్యలో షార్ప్, అంచుల్లో మసక వస్తుంది. అలాగని నేరుగా గాజు మీద పడేస్తే నీళ్ళ మీద నూనె తేలినట్టు రంగురంగుల వలయాలు వస్తాయి, న్యూటన్ రింగ్స్ అంటారు, హోల్డర్ ఫిల్మ్‌ని గాజుకి తగలకుండా కొంచెం పైకి ఎత్తి పట్టేది అందుకే. కొన్ని హోల్డర్లకి ఎత్తు మార్చే చిన్న కాళ్ళుంటాయి, ఒకే ఫ్రేముని వేర్వేరు ఎత్తుల్లో స్కాన్ చేసి ఏది షార్ప్‌గా ఉందో చూసి దాన్నే ఫిక్స్ చేసుకోండి.

7. స్కాన్ సెట్టింగ్స్

స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ చాలు, నచ్చకపోతే వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ ఉన్నాయి. ఫిల్మ్ టైపు సరిగ్గా ఎంచుకోండి, స్లైడ్‌ని పాజిటివ్ అని, నెగెటివ్‌ని నెగెటివ్ అని. షార్పెనింగ్ ఆఫ్, ఆటో కలర్ ఆఫ్, గ్రెయిన్ (ఫిల్మ్‌లో సహజంగా ఉండే సన్నటి ఇసుకలాంటి నలుసులు) తగ్గించేది ఆఫ్. ప్రివ్యూ తీసి హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా ఏ వెలుగు ఎంతుందో చూపే గుట్టలాంటి గ్రాఫ్) చూడండి, రెండు కొసల్లోనూ గుట్ట తెగిపోకుండా కాస్త ఖాళీ వదలండి. ప్రివ్యూలో చప్పగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి, కాంట్రాస్ట్ తర్వాత ఎప్పుడైనా పెంచొచ్చు గానీ తెగిపోయిన తెలుపు మళ్ళీ రాదు. నీడలు బాగా దట్టంగా ఉన్న స్లైడ్‌లకి మల్టీ ఎక్స్‌పోజర్ (ఒకే ఫ్రేముని వేర్వేరు వెలుగుల్లో చదివి కలిపేది) ఉంటే అది ఆన్ చెయ్యండి, టైము డబుల్ అవుతుంది గానీ చీకట్లో ఉన్నవి బయటికొస్తాయి.

డిజిటల్ ఐస్ అనో, ఇన్ఫ్రారెడ్ క్లీనింగ్ అనో ఉంటుంది చూడండి, అదొక అద్భుతం. కలర్ ఫిల్మ్‌లోని రంగులు ఇన్ఫ్రారెడ్‌ని (కంటికి కనిపించని వెలుగు) దాదాపు వదిలేస్తాయి, దుమ్ము, గీతలు మాత్రం అడ్డుకుంటాయి, కాబట్టి స్కానర్‌కి దుమ్ము ఎక్కడుందో మ్యాప్ దొరికేస్తుంది, అక్కడ మాత్రమే పూడుస్తుంది. కానీ మామూలు బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మ వెండితో ఉంటుంది, వెండి కూడా ఇన్ఫ్రారెడ్‌ని ఆపేస్తుంది, స్కానర్ పాపం బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. సీ-41లో (కలర్ నెగెటివ్‌లు కడిగే పద్ధతి) కడిగే ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 లాంటి బ్లాక్ అండ్ వైట్‌కి మాత్రం పనిచేస్తుంది, దాంట్లో ఉండేది డై కాబట్టి. కొడాక్రోమ్ స్లైడ్‌లతోనూ ఇదే పేచీ, 1935 నుంచి 2009 దాకా అమ్మిన ఫిల్మ్ అది, ఫ్రేమ్ అట్ట మీద పేరు ఉంటుంది, ఒకటి ఆన్‌లో ఒకటి ఆఫ్‌లో తీసి పోల్చి చూసుకోండి.

8. కెమెరాతో అయితే

లైట్ ప్యానెల్ సీఆర్ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 95 పైన ఉన్నది తీసుకోండి, లేకపోతే చర్మం రంగు ఎంత సరిదిద్దినా కుదరదు. ట్యాబ్లెట్ స్క్రీన్‌తో సరిపెట్టుకోవాలంటే ఫిల్మ్‌ని దాని మీద నేరుగా పెట్టకుండా నాలుగైదు సెంటీమీటర్లు పైకి ఎత్తండి, లేదంటే స్క్రీన్ చుక్కలన్నీ ఫొటోలోకి వచ్చేస్తాయి. కెమెరా, ఫిల్మ్ సమాంతరంగా ఉన్నాయో లేదో తెలియాలంటే ఫిల్మ్ పెట్టే చోట చిన్న అద్దం పెట్టి లెన్స్‌లోంచి చూడండి, లెన్స్ ప్రతిబింబం సరిగ్గా మధ్యలో కనిపిస్తే సరిపోయినట్టే. గదిలో లైట్లు ఆర్పేసి, ఫ్రేము చుట్టూ వెలుగొచ్చే చోటంతా నల్ల అట్టతో కప్పేసి, ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రా ఫార్మాట్, మాన్యువల్ ఫోకస్, 2 సెకన్ల టైమర్. ఫోకస్ గ్రెయిన్ మీద చూసుకోండి, మొహం మీద కాదు, అసలు ఫొటోనే ఔటాఫ్ ఫోకస్ అయ్యుండొచ్చు కదా. మొత్తం రీలుకి ఒకే వైట్ బ్యాలెన్స్ ఉంచండి.

నెగెటివ్‌ని పాజిటివ్ చెయ్యడానికి లైట్‌రూమ్ ఉన్నవాళ్ళకి నెగెటివ్ ల్యాబ్ ప్రో ఉంది, ఉచితంగా కావాలంటే డార్క్‌టేబుల్‌లో నెగడాక్టర్. ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ నారింజ పట్టీని కూడా ఒక ఫొటోలో పడేలా తీసుకోండి, ఆ రంగు ఎంతో చెబితేనే సాఫ్ట్‌వేర్ దాన్ని తీసెయ్యగలదు. చేత్తో చెయ్యాలనుకుంటే ఫొటో ఎడిటర్‌లో ఇన్వర్ట్ కొట్టి, లెవెల్స్‌లో ఎరుపు, పచ్చ, నీలం ఛానెళ్ళు విడివిడిగా తెరిచి, ఒక్కోదాంట్లో రెండు కొసలూ గుట్ట మొదలయ్యే చోటికి జరపండి, నారింజ మాయమవుతుంది. ఎర్రగా వెలిసిపోయిన పాత స్లైడ్‌లకి కూడా ఇదే వైద్యం.

9. పేర్లు, కాపీలు

ఫైలు పేరు 1987_రీలు03_12 అన్నట్టు పెట్టండి, సంవత్సరం తెలియకపోతే 198ఎక్స్ అని, ఇలా ఉంటే ఫలానా ఫొటో నెగెటివ్ ఏ కవర్లో ఉందో వెంటనే దొరుకుతుంది. స్కాన్ చేసిన ఫైలుకి ఇవాళ్టి తేదీ పడుతుంది, దాన్ని ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో మార్చకపోతే ఫోన్ గ్యాలరీలో 1987 నాటి ఫొటోలు నిన్నటివాటి పక్కన కూర్చుంటాయి. చాలా స్లైడ్‌ల అట్ట మీద కడిగిన నెల, సంవత్సరం అచ్చేసి ఉంటాయి, అట్ట వెనక ఎవరైనా పెన్సిల్‌తో రాసింది ఉంటే అది కూడా ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

టిఫ్‌లని ముట్టుకోకుండా అలాగే ఉంచి, వాటినుంచి జేపెగ్‌లు చేసి అందరికీ పంపించుకోండి. మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల స్టోరేజీలో, అందులో ఒకటి ఇంటి బయట.

స్కాన్ అయిపోయింది కదా అని నెగెటివ్‌లు పారెయ్యకండి, పదేళ్ళ తర్వాత ఇంకా మంచి సెన్సర్లు వస్తే మళ్ళీ తియ్యడానికి అసలు అదే. పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్ళకి ఫిల్మ్‌కి అంటుకుపోతాయి, పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ స్లీవ్‌లలో పెట్టి, చల్లగా పొడిగా ఉండే అలమరలో, పక్కన సిలికా జెల్ పొట్లం వేసి, కవర్ మీద ఫైలు పేరులో ఉన్న రీలు నంబరే రాయండి.