ట్యాంకు కడగడం ఎలా? బ్లీచింగ్ కంటే ముందు రుద్దుడు

పర్లాకిమిడి, కాశీనగర్ వైపు ఏ మేడెక్కి ట్యాంకు మూత తీసినా లోపలి అంచున నల్లటి జిగురు కనిపిస్తుంది. ఇంటివాళ్ళేమో గుప్పెడు బ్లీచింగ్ చల్లి పనైపోయిందంటారు. ఆ జిగురులో ఆస్పర్జిల్లస్, క్లాడోస్పోరియం లాంటి బూజులు కాపురముంటాయి. దాన్ని రుద్దకుండా క్లోరిన్ వేస్తే పైపొరకే ఖర్చైపోతుంది, అడుగున ఉన్నది నిక్షేపంగా ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఈ నీళ్ళు తాగితే చాలావరకు ముక్కవాసన తప్ప మరేం తెలియదు. కీమోథెరపీ నడుస్తున్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు ఇంట్లో ఉంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. షవర్ తుంపర్లతో బూజు బీజాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికి రావచ్చు.

మోటారు కట్టేసి ట్యాంకు ఖాళీ చేయండి. అడుగు బురద మగ్గుతో తోడేయండి. కొబ్బరి పీచుతో గోడలు, మూత లోపలి పక్క, ఓవర్‌ఫ్లో గొట్టం మూతి రుద్ది, రెండుసార్లు కడగండి. ఇనప బ్రష్ వద్దే వద్దు, గీతలు పడిన చోటే జిగురు మళ్ళీ పడుతుంది.

ఇక బ్లీచింగ్. అందరూ చెడగొట్టేది ఇక్కడే. వెయ్యి లీటర్లకు 200 గ్రాములు, అదీ కొత్త పాకెట్టు. అందులో 25 శాతం క్లోరిన్ ఉంటే లీటరు నీళ్ళకు 50 మిల్లీగ్రాములు పడుతుంది. మూతి తెరిచి నెలలు గడిచిన పొడి వేసినా ఒకటే, సున్నం వేసినా ఒకటే. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించకండి. ప్లాస్టిక్ బకెట్ నీళ్ళలో కలిపి, అరగంట కదపకుండా ఉంచి, పైతేట మాత్రమే వంచి, ట్యాంకు నింపండి.

తర్వాత ప్రతి కొళాయీ తిప్పి, క్లోరిన్ ఘాటు తగిలాక కట్టేయండి. ఈ ముక్క చెబితే వినేవాళ్ళే లేరు! జిగురు గొట్టాల్లో కూడా ఉంటుంది మరి. ఆర్వో ఉంటే దాని వాల్వు ముందే మూసేయండి. కనీసం 12 గంటలు ఆ నీళ్ళు ముట్టుకోవద్దు, తాగడానికి బిందెలు ముందే నింపుకోండి. తెల్లగా రావాలని బాత్రూం యాసిడ్ కలిపారో, విషవాయువు లేస్తుంది. బ్లీచింగ్ వేశాక ట్యాంకులోకి మనిషిని దింపకండి. తెల్లారాక అంతా వదిలేసి, ఘాటు పోయేదాకా కొత్త నీళ్ళతో కడగండి.

వానాకాలంలో నీళ్ళు ఎర్రబడగానే పటిక తిప్పేవాళ్ళున్నారు. మట్టి దిగుతుంది గానీ బూజు చావదు. ఆర్వో కొన్నామని ధీమాగా ఉండేవాళ్ళకూ ఒక మాట: అందులోని కార్బన్ ఫిల్టరు క్లోరిన్‌ను పీల్చేస్తుంది, కాబట్టి మార్చని ఫిల్టరులో బూజుకు అడ్డే ఉండదు. నన్నడిగితే సలసల మరిగించి, మూతపెట్టి చల్లార్చిన నీళ్ళకు మించింది లేదు.

వానలకు ముందొకసారి, దసరా వెళ్ళాక మరోసారి కడగండి. ఓవర్‌ఫ్లో గొట్టానికి దోమతెర గుడ్డ కట్టి, మూత బిగించండి.