వానాకాలంలో మున్నార్ వెళ్తున్నారా? ముందు రూమ్ సంగతి చూడండి

రేట్లు తగ్గాయని జూన్, జూలైలో కేరళలోని మున్నార్ బుక్ చేసుకునే మనవాళ్లు ఏటా పెరుగుతున్నారు. టీ తోటలు కడిగినట్టు పచ్చగా ఉండేది అప్పుడే, కాదనను. కానీ అక్కడి నైరుతి వాన మన అరకు ముసురులాంటిది కాదు. రోజుల తరబడి ఏకధాటిగా కురిస్తే మట్టి నీళ్లు తాగి తాగి ఒక్కసారిగా జారుతుంది.

2020 ఆగస్టు 6 రాత్రి మున్నార్ దగ్గర పెట్టిముడిలో జరిగింది అదే. వరసగా కట్టిన లైన్ ఇళ్లలో పడుకున్న టీ తోట కార్మికుల కుటుంబాల మీద కొండ విరిగిపడి 70 మంది పోయారు. వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోయింది 2024 జూలై 30న, ఇంకా తెల్లారకముందే. రెండుచోట్లా జనం నిద్రలో ఉన్నారు. అందుకే నా దృష్టిలో ఏం చూస్తామన్నదానికంటే ఎక్కడ పడుకుంటామన్నదే ముఖ్యం.

హోటల్ వాళ్లు బాల్కనీ ఫోటోలే పంపిస్తారు. మీరు భవనం వెనక వైపు ఫోటో అడగండి. కొండను నిట్టనిలువుగా తవ్వి కట్టారా? పక్కనే వాగు ఉందా? అలాంటిదైతే ఎంత చవకైనా వద్దు. ఒకసారి మేం దిగిన చోట బాత్రూమ్ కిటికీ తెరిస్తే రెండడుగుల దూరంలో రాతి గోడ, దాని కన్నాల్లోంచి టీ రంగు నీళ్లు. ముందురోజు అదే గోడ నుంచి తేటనీళ్లు కారాయి. గదులు తుడిచే అమ్మ అది చూసి తమిళంలో ఒకటే మాట అంది: "ఇంగ వేండాం". ఇక్కడొద్దు అని. మారుమాట్లాడకుండా సామాను సర్దుకుని ఊళ్లోకి మారిపోయాం. ఆ గోడ పడలేదు. అయినా ఆ రాత్రి అక్కడ పిల్లల్ని పడుకోబెట్టనందుకు నాకు ఏ బాధా లేదు.

కొండ జారబోయే ముందు కనిపించే గుర్తులివి: ఊటనీరు బురదగా మారడం, వాగులో నీళ్లు ఉన్నట్టుండి తగ్గిపోవడం, నేలలో కొత్త పగుళ్లు, చెట్లు పక్కకి ఒరగడం, కొండలోంచి గుడగుడమని చప్పుడు... వీటిలో ఏది కనిపించినా, వినిపించినా సామాను వదిలేసి పక్కకి, ఎత్తుకి వెళ్లిపోండి. వాగు వెంట కిందికి పరిగెత్తొద్దు. మలయాళంలో "ఉరుళ్‌పొట్టల్", తమిళంలో "మణ్‌సరివు" అని ఎవరైనా అరిస్తే అర్థం కొండచరియలు జారుతున్నాయనే. అత్యవసర నంబర్ 112, జిల్లా కంట్రోల్ రూమ్ నంబర్ 1077 ఫోన్‌లో పెట్టుకోండి.

బయల్దేరే ముందు మున్నార్ ఉండే ఇడుక్కి జిల్లా వాతావరణ హెచ్చరిక చూడండి. రెడ్ అలర్ట్ అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటే వాన. ఆ రోజు టికెట్ డబ్బులు పోయినా ఫర్వాలేదు, ఆగిపోండి. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవాళ్లు ఆలువాలో దిగాక ఇంకా 110 కిలోమీటర్ల రోడ్డు ఉంటుంది. నేరియమంగళం దాటాక అంతా ఘాటే. చీకటి పడేలోపు మున్నార్ చేరేలా చూసుకోండి, ఆలస్యమైతే ఆ రాత్రి ఆలువాలోనే ఉండిపోండి. దేవికుళం అవతల గ్యాప్ రోడ్డులో రాళ్లు పడటం మామూలే, అక్కడ సెల్ఫీల కోసం బండి ఆపొద్దు. ఘాట్ దిగేటప్పుడు రెండో గేర్‌లోనే రండి. బ్రేక్ మీద కాలు పెట్టుకుని దిగితే ముందు మాడు వాసన వస్తుంది, తర్వాత బ్రేకే పడదు. పొగమంచులో హై బీమ్ వేస్తే కళ్ల ముందు తెల్ల గోడే, లో బీమ్ చాలు.

సాయంత్రం తోటల్లోకి నడిచి వెళ్లొద్దు. నడుమెత్తు పొదల వెనక ఏముందో కనిపించదు. మున్నార్ చుట్టూ పడయప్ప అనే అడవి ఏనుగు రోడ్ల మీదికి వస్తుంటుంది. ఎదురైతే హారన్ కొట్టకుండా, లైట్లు ఆడించకుండా దూరంగా ఆగండి. తమిళనాడులోని వాల్పారై వైపు చిరుతల భయం, పిల్లల చెయ్యి వదలొద్దు. జలగ పట్టుకుంటే గోరుతో పక్కకి నెట్టండి, కడిగి కట్టు కట్టండి.

ఊటీ అయితే అక్టోబరు, నవంబరులో కూడా ఈ జాగ్రత్తలన్నీ అవసరమే, ఈశాన్య రుతుపవనాలు అటు గట్టిగా తగులుతాయి. హైదరాబాద్ నుంచి కారులో మైసూరు మీదుగా వెళ్తే, బండీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. ఊటీ ఉండే నీలగిరి జిల్లాలోకి వెళ్లడానికి ఈ-పాస్ (ఆన్‌లైన్ అనుమతి) కూడా ఇంటి దగ్గరే తీసుకోండి, దారిలో సిగ్నల్ దొరకదు.