లో-బెడ్ ట్రైలర్ కప్లింగ్: కుదుపులు, కీచుశబ్దాలు, వాటి మరమ్మతు

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్రొక్లెయిన్లను మోసుకుపోయే గూస్‌నెక్ (ముందు భాగం మెడలా పైకి వంగి ఉండే) లో-బెడ్ ట్రైలర్లలో, లాగే బలాన్నంతా ముందు మెడ కింద ఉన్న కింగ్ పిన్ అనే లావుపాటి ఉక్కు పిన్ను ఒక్కటే భరిస్తుంది. సాధారణంగా అది 2 అంగుళాల పిన్ను. మరీ భారీ లోడ్లు లాగే బండ్లలో మూడున్నర అంగుళాలది ఉంటుంది. బరువు మాత్రం పిన్ను మీద కాక దాని చుట్టూ ఉన్న ప్లేటు మీద, ఆ ప్లేటు ద్వారా పుల్లర్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) మీద ఉన్న ఫిఫ్త్ వీల్ మీద, అంటే పిన్నును దవడలతో పట్టి ఉంచే పళ్లెం మీద పడుతుంది. కాబట్టి ఏ లోపం కనిపించినా, అది లాగడంలో వచ్చిందా, బరువు మోయడంలో వచ్చిందా అని ముందుగా తేల్చుకుంటే వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

సమస్య: బండి కదిలినప్పుడు, బ్రేకు వేసినప్పుడు ‘ధన్’మని కుదుపు

ఇది లాగుడుకు సంబంధించిన లోపం. ఎక్కువసార్లు దీనికి కారణం పిన్ను గానీ, దాన్ని పట్టుకునే దవడలు గానీ అరగడమే. ట్రైలర్ బ్రేకులు బిగించి, డ్రైవరు పుల్లర్‌ను అతి నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదుపుతుంటే, క్లీనరు పక్కన దూరంగా నిలబడి ఫిఫ్త్ వీల్‌కూ ట్రైలర్ ప్లేటుకూ మధ్య ఎంత ఆట (వదులు) ఉందో చూడాలి. పుల్లర్‌కూ ట్రైలర్‌కూ మధ్యన మాత్రం ఎవరూ ఉండకూడదు. ఫిఫ్త్ వీల్ స్వయంగా ఛాసిస్ మీద కదులుతున్నట్టు కనిపిస్తే తప్పు పిన్నుది కాదు, బిగింపు బోల్టులది. వదులైన బోల్టు తల చుట్టూ, గ్రీజు తుడిచి చూస్తే, మెత్తని ఎర్రటి తుప్పుపొడి పేరుకుని ఉంటుంది. అలాంటి బోల్టును మళ్లీ బిగించి ఊరుకోకుండా తీసేసి, కంపెనీ చెప్పిన గ్రేడు కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచితోనే బిగించాలి.

బోల్టులు గట్టిగా ఉంటే ట్రైలర్‌ను విడదీసి, పిన్నును శుభ్రంగా తుడిచి, వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. 2 అంగుళాల పిన్ను సన్నని మెడ కొత్తలో 50.8 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 49కి దిగితే, లేదా 73 మిల్లీమీటర్లుండే వెడల్పు భాగం 71కి దిగితే పిన్ను మార్చవలసిందే. పిన్ను ఒకవైపే ఎక్కువగా అరుగుతుంది కనుక కనీసం రెండు దిశల్లో కొలవాలి. కొలత సరిగ్గానే ఉంటే అప్పుడు దవడల సర్దుబాటు స్క్రూ వైపు చూడాలి. ఈ వరుస తలకిందులు కాకూడదు. ఒకే పుల్లర్‌తో నాలుగైదు ట్రైలర్లు లాగే యార్డుల్లో, అరిగిన పిన్నుకు సరిపోయేలా దవడలు బిగిస్తే, మరునాడు కొత్త పిన్నున్న ట్రైలర్ తగిలించినప్పుడు లాక్ పడదు.

అరిగిన పిన్ను మీద వెల్డింగ్ పోయించి, లేతు పట్టించి మళ్లీ వాడుకునే పద్ధతి కూడా ఉంది. డబ్బు మిగులుతుందన్నది నిజమే కానీ, వేడి చికిత్సతో గట్టిపరచిన ఉక్కు వెల్డింగ్ వేడికి తన గుణం కోల్పోతుంది, పగులు లోపలే మొదలవుతుంది. ఈ పని ఎవరు చేసిపెడతామన్నా వద్దనాలి.

కుదుపు బ్రేకు వేసినప్పుడు మాత్రమే వస్తే, ట్రైలర్ బ్రేకులు ఆలస్యంగా పట్టి వెనుక నుంచి నెడుతున్నాయేమో చూడాలి. గాలి గొట్టాల చివర ఉండే రబ్బరు వాషర్లు, బ్రేకుల వదులును సర్దే స్లాక్ అడ్జస్టర్లు, వానాకాలంలో ఎయిర్ ట్యాంకుల్లో చేరే నీరు, ఈ మూడింటితో చాలావరకు తేలిపోతుంది.

సమస్య: లాక్ పడ్డట్టే ఉంది, కానీ నమ్మకం లేదు

‘టక్’మన్న శబ్దాన్ని నమ్మి బయలుదేరడం ప్రమాదకరం. ట్రైలర్ మరీ ఎత్తులో నిలిచి ఉంటే పిన్ను దవడల మధ్యకు దిగకుండా, దాని అడుగు అంచు దవడల పైన కూర్చుంటుంది. లాగి చూసినా కాసేపు ఆగినట్టే ఉంటుంది. టార్చి వేసి పక్క నుంచి చూసినప్పుడు రెండు ప్లేట్ల మధ్య వెలుతురు కనిపించకూడదు. వెనుక నుంచి చూస్తే దవడలు పిన్ను సన్నని మెడను చుట్టి మూసుకుని ఉండాలి. హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోయి దాని సేఫ్టీ క్లిప్పు పడాలి. ఆ తర్వాతే ట్రైలర్ బ్రేకులు వేసి, చిన్న గేరులో ఒకసారి లాగి చూడాలి.

పరిష్కారం ఎత్తులో ఉంది. పుల్లర్ ట్రైలర్ కిందికి దూరే ముందు, ట్రైలర్ ప్లేటు ఫిఫ్త్ వీల్‌తో సమంగా గానీ, అంతకంటే గరిష్ఠంగా 50 మిల్లీమీటర్లు తక్కువలో గానీ ఉండాలి; అప్పుడు పుల్లర్ దాన్ని ఎత్తుకుంటూ లోపలికి పోతుంది. కొత్తగా మట్టి పోసిన వెంచర్లలో సపోర్టు జాకీలు రాత్రికి రాత్రి దిగబడతాయి కాబట్టి వాటి కింద మందపాటి చెక్క దిమ్మెలు వేయడం మంచిది.

సమస్య: మలుపుల్లో కీచుశబ్దం, స్టీరింగ్ బరువు

ఇది బరువు మోసే ప్లేటు పొడిబారడం. క్రషర్ల దగ్గర తిరిగే బండ్లలో రాతిపొడి కలిసిన పాత గ్రీజే ప్లేటును అరగదీస్తుంది, కనుక దాని మీద కొత్త గ్రీజు పూయడం వృథా. మొత్తం గీకి, కిరసనాయిలుతో తుడిచి, మాలిబ్డినం కలిసిన, ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే ఈపీ గ్రీజు పట్టించాలి. ప్లాస్టిక్ లైనర్ ఉన్న ఫిఫ్త్ వీల్ అయితే కంపెనీ పుస్తకం చూసుకోవాలి.

సమస్య: వానలో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పుల్లర్ చక్రాలు జారుతున్నాయి

టైర్లను తప్పుపట్టే ముందు లోడు ఎక్కడుందో చూడాలి. పిన్ను నుంచి వెనుక యాక్సిళ్ల నడిమికి 9 మీటర్లున్న ట్రైలర్ మీద 20 టన్నుల యంత్రాన్ని 90 సెంటీమీటర్లు ముందుకు జరిపితే, 2 టన్నుల బరువు వెనుక యాక్సిళ్ల నుంచి పుల్లర్ మీదికి మారుతుంది. వెనక్కి జరిపితే అంతే బరువు పుల్లర్ మీద తగ్గి, పట్టు పోతుంది. ప్రొక్లెయిన్‌లో బరువైన కొస ఇంజన్ వైపున్న కౌంటర్ వెయిట్ కాబట్టి, యంత్రం ఎటు తిరిగి ఎక్కిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. బకెట్ దించి, యంత్రం పైభాగం తిరగకుండా స్వింగ్ లాక్ వేసి, నాలుగు మూలలా గొలుసులు బిగించాక ధర్మకాంటా మీద మొత్తంతో పాటు యాక్సిల్ గుంపులను విడివిడిగా తూయించాలి. 2018లో సవరించిన పరిమితుల ప్రకారం జంట యాక్సిల్‌కు 21 టన్నులు, ట్రైలర్ మూడు యాక్సిళ్ల గుంపుకు 27 టన్నులు, మొత్తం బండికి 55 టన్నులు దాటకూడదు. దాటితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైగా అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా, ఆ లోడు దించే ఖర్చూ భరించాలి.

సమస్య: విడదీసేటప్పుడు హ్యాండిల్ రావడం లేదు

పిన్ను దవడలను లాగిపెట్టి ఉంచింది, అంతే. సుత్తి వద్దు. జాకీలు దించి, ట్రైలర్ బ్రేకులు వేసి, పుల్లర్‌ను కొద్దిగా వెనక్కి నొక్కి ఆపి, పార్కింగ్ బ్రేకు వేశాక హ్యాండిల్ లాగాలి. ఏటవాలు మీద ఇది కష్టం కనుక చదునైన చోటికి తెచ్చాకే విడదీయాలి.