లెక్కల పాఠం తెరమీదా, నల్లబల్ల ముందూ: ఆడపిల్లలకు ఏది ఎక్కడ నేర్పాలి

2020 సెప్టెంబరు 1న తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు, పాఠం పిల్లలకు చేరుతోందా అని అందరం ఆరా తీశాం. లెక్కల విషయంలో అంతకన్నా ముఖ్యంగా అడగవలసింది, పిల్ల చేసిన తప్పు టీచరుకు చేరుతోందా అని. తరగతి గదిలో బల్లల మధ్య నడుస్తూ నోటుపుస్తకాల్లోకి తొంగి చూసే టీచరుకు, సందేహం అడగడానికి మొహమాటపడే అమ్మాయి పొరపాటు కూడా ఆమె నోరు విప్పకముందే కనబడుతుంది. ఆన్‌లైన్ తరగతిలో ఆ అవకాశం ఉండదు కనుక, దానికి బదులు ఏర్పాటు ముందే చేసుకోవాలి.

మొదట తల్లిదండ్రులు చూడవలసినవి ఫోను, వేళ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం మాత్రమే. ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది ఏ గంట నుంచి ఏ గంట వరకు అమ్మాయిదో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆ గంటలో తమ్ముణ్ణి ఎత్తుకోమనీ, అంట్లు తోమమనీ పిలవకండి. బడికి వెళ్లిన పిల్లను ఎవరూ మధ్యలో వెనక్కి పిలవరు. ఆన్‌లైన్ తరగతికీ అదే మర్యాద దక్కాలి.

ఇక టీచర్లు పాఠాన్ని రెండుగా విడదీసుకోవాలి. రేఖాచిత్రం ఎలా కదులుతుందో, కోణం పెరిగితే త్రికోణమితి విలువ ఎలా మారుతుందో చూపడానికి తెర చాలా అనువైనది. జియోజీబ్రా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో గీసిన త్రిభుజాన్ని లాగి చూపిస్తే సరూపత (పరిమాణం మారినా ఆకారం మారకపోవడం) ఇట్టే అర్థమవుతుంది. అర్థం కాని చోట వీడియోను ఆపి, ఎవరినీ బతిమాలకుండా నాలుగుసార్లు చూసుకునే వీలు ఉండడం బిడియపడే అమ్మాయిలకు పెద్ద ఊరట. సోపానాలు రాయడం, సిద్ధాంతాన్ని నిరూపించడం, తప్పును వెతికి పట్టుకోవడం మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి నేర్పవలసినవే. వర్గ సమీకరణంలో మధ్య పదాన్ని విడగొట్టేటప్పుడు మైనస్ గుర్తు ఎక్కడ జారిపోయిందో కనిపెట్టాలంటే, పిల్ల రాస్తుండగా చూడాలి. రాసేసిన జవాబు చూస్తే సరిపోదు.

ఆన్‌లైన్‌లోనే నేర్పవలసి వస్తే, "అర్థమైందా?" అని అడగడం మానేయండి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం మనం తరచుగా చేసే పొరపాటు. వివిధ దేశాల్లో పదిహేనేళ్ల పిల్లల చదువును పరీక్షించే పీసా సర్వే 2012 ఫలితాల ప్రకారం, అబ్బాయిలతో సమానంగా లెక్కలు చేయగల అమ్మాయిలు కూడా వారికన్నా ఎక్కువగా లెక్కలంటే ఆందోళన పడుతున్నారు. అలాంటి పిల్ల అందరూ వింటుండగా మైకు తెరిచి అర్థం కాలేదని చెప్పదు. అందుకు బదులు ఒక లెక్క ఇచ్చి, మూడు నిమిషాలు పూర్తిగా మౌనంగా ఉండి, జవాబును టీచరుకు మాత్రమే కనబడే సందేశంగా పంపమనండి. తరగతి ముగిశాక కొట్టివేతలతో సహా రఫ్ పుస్తకం పేజీని ఫొటో తీసి పంపమనండి. శుభ్రంగా ఎత్తి రాసిన పేజీలో తప్పు జరిగిన చోటు కనబడదు. ఫొటో మీద మొత్తం లెక్కను దిద్దకుండా, తప్పిన సోపానం పక్కన ఒక చుక్క పెట్టి తిరిగి పంపితే మిగతాది పిల్లే సరిచేసుకుంటుంది. ఇందుకు టీచరుకు సమయం పడుతుందన్నది నిజమే. తరగతి పెద్దదైతే రోజుకు పదిమంది చొప్పున వంతులు వేసుకోండి.

ఎదురెదురుగా జరిగే తరగతిలోనూ అన్నీ వాటంతటవే చక్కబడవు. ముందు చెయ్యెత్తిన వారికే సుద్దముక్క ఇస్తే నల్లబల్ల దగ్గరికి రోజూ ఆ నలుగురే వస్తారు. హాజరు పట్టీ వరుసలో పిలవండి. అమ్మాయి నల్లబల్ల దగ్గర లెక్క మధ్యలో ఆగిపోతే జవాబు అందించకుండా, అంతవరకు ఏం చేసిందో ఆమె మాటల్లోనే చెప్పమనండి; చాలాసార్లు ఆ చెప్పడంలోనే తరువాతి సోపానం దొరుకుతుంది. ఆ వారం ఫొటోల్లో ఎక్కువమందికి చుక్క పడిన లెక్కను, ఎవరిదో చెప్పకుండా, సోమవారం మొదటి పీరియడ్‌లో నల్లబల్ల మీద వేసి అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టండి.