శస్త్రచికిత్స బృందానికి వర్చువల్ సిమ్యులేషన్ శిక్షణ: ఏర్పాటు చేసే విధానం

వర్చువల్ సిమ్యులేషన్, అంటే ఆపదను తెర మీదో హెడ్‌సెట్‌లోనో సృష్టించి సాధన చేయడం, అనగానే చాలామంది ముందు కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్ల ధర విచారిస్తారు. ముందుగా తేల్చుకోవలసింది ఏ ఆపదను సాధన చేయాలన్నది. కోనసీమ ఆసుపత్రులు సిజేరియన్ తరువాత ఆగని రక్తస్రావంతో మొదలుపెట్టడం మంచిది. వరద రోజుల్లో లంక గ్రామాల గర్భిణులు పడవల మీద ఏరు దాటి రావాలి. ఆసుపత్రిలో రక్తం నిల్వ చాలకపోతే కాకినాడ నుంచో రాజమహేంద్రవరం నుంచో తెప్పించాలి. ఆ ప్రయాణానికి పట్టే సమయాన్ని సిమ్యులేషన్‌లో ఉన్నదున్నట్లు పెట్టాలి. అడిగిన వెంటనే తెర మీద రక్తం ప్రత్యక్షమైతే బృందానికి లేనిపోని ధీమా అలవాటవుతుంది.

సర్జన్, మత్తు డాక్టర్, స్టాఫ్ నర్సులు, థియేటర్ అసిస్టెంట్, అందరూ తమ సొంత బాధ్యతల్లోనే పాల్గొనాలి. అందరికీ హెడ్‌సెట్లు లేకపోతే, రోగి మానిటర్‌ను చూపే ఒక పెద్ద తెర, అంకెలను మార్చే ఒక శిక్షకుడు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన భద్రతా చెక్‌లిస్టును, మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి పంపే ముందు, మూడుసార్లూ పైకి చదివించాలి.

సాధనలో సందర్భం ఇది: బిడ్డ బయటికి వచ్చాక గట్టిపడాల్సిన గర్భాశయం గట్టిపడదు. శిక్షకుడు ఏమీ చెప్పకుండా నాడిని 96 నుంచి 130కి పెంచి, బీపీని తగ్గిస్తాడు. ఈ మార్పును మొదట ఎవరు గమనించారు, గమనించినవారు పైకి చెప్పారా అన్నదే ఇక్కడ చూడవలసింది. “రక్తం బాగా పోతోంది” అంటే చాలదు. రక్తం అద్దే గుడ్డలైన మాప్‌లు తడిశాక, వాటి బరువులోంచి పొడి మాప్‌ల బరువు తీసివేసి, గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున లెక్కగట్టి, “మేడమ్, వెయ్యి మిల్లీలీటర్లు దాటింది” అని నర్సు చెప్పగలగాలి. రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రానెక్సామిక్ యాసిడ్ ఒక గ్రాము ఇమ్మని గాలిలోకి చెప్పకుండా ఒకరిని పేరు పెట్టి పిలిచి చెప్పాలి. వారు ఆ మోతాదును తిరిగి పలికి, ఇచ్చాక సమయంతో సహా తెలియజేయాలి.

సాధనకు పదిహేను నిమిషాలు పడితే చర్చకు అరగంట కేటాయించాలి, ఎందుకంటే అసలు నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. పెద్ద డాక్టరు ముందు మాట్లాడితే మిగిలినవారు నోరు విప్పరు కాబట్టి అందరికంటే జూనియర్ నర్సుతో చర్చ ప్రారంభించాలి. ఇది పరీక్ష కాదనీ, ఎవరి సర్వీసు రికార్డులోకీ వెళ్లదనీ ముందే హామీ ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

హెడ్‌సెట్‌తో కళ్లు తిరిగేవారిని తెర ముందు కూర్చోబెట్టవచ్చు. మెత్తబడిన గర్భాశయం చేతికి ఎలా తగులుతుందో మాత్రం ఈ పద్ధతిలో నేర్పడం కుదరదు. దానికి శరీర ఆకారపు శిక్షణ బొమ్మల మీద సాధన వేరుగా ఉండాలి. మందుల ట్రే దూరంగా ఉందని చర్చలో తేలితే, దాన్ని అసలు థియేటర్‌లోనే దగ్గరికి మార్చి, అదే సందర్భాన్ని రాత్రి డ్యూటీ బృందంతోనూ నడిపించాలి.