రొయ్యలూ గ్రిట్సూ: చార్లెస్టన్ తీరపు వంటను ఇంట్లో వండుకునే విధానం

అమెరికా ఆగ్నేయ తీరాన, దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్ చుట్టూ ఉప్పుటేర్లూ బురదనేలలూ పరుచుకున్న పల్లపు ప్రాంతాన్ని అక్కడివారు లోకంట్రీ అంటారు. ఆ ఉప్పుటేర్లలో విసురువలకు చిక్కిన చిన్న రొయ్యలను వెన్నలోనో బేకన్ (ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం) కొవ్వులోనో వేయించి, పొగలు కక్కే గ్రిట్స్ అనే మొక్కజొన్న నూకల మీద పోసుకొని పొద్దున్నే తినడం అక్కడి జాలరి కుటుంబాల అలవాటు. మొక్కజొన్నను దంచి నూకలుగా వండుకోవడం ఐరోపావారు రాకముందు నుంచీ అక్కడి ఆదివాసుల తిండి. వరి పొలాల్లో పని చేయించడానికి పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజల సంతతివారైన గల్లా గీచీలు ఆ నూకలకు ఏటి రొయ్యలను జోడించి, ఆ వంటను తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు.

ఆ తీరం దాటి పెద్దగా తెలియని ఈ వంటకం దేశమంతటా పాకడానికి ఉత్తర కరోలినాలోని చాపెల్ హిల్‌లో ఉండిన క్రుక్స్ కార్నర్ అనే హోటల్ ముఖ్య కారణం. అక్కడ బిల్ నీల్ అనే వంట నిపుణుడు రొయ్యలకు బేకన్, పుట్టగొడుగులు, ఉల్లికాడలు, నిమ్మరసం చేర్చి, చీజ్ కలిపిన గ్రిట్స్ మీద రాత్రి భోజనంగా వడ్డించేవారు. న్యూయార్క్ టైమ్స్‌లో ఆహారం గురించి రాసే క్రెయిగ్ క్లైబోర్న్ అక్కడికి వచ్చి రుచి చూసి, 1985లో ఆ వంట విధానాన్ని పత్రికలో ప్రచురించారు. ఆ తరువాత అమెరికా దక్షిణాది హోటళ్లలో ఈ వంటకం లేని వంటల పట్టిక అరుదైపోయింది. నేను ఇక్కడ చెప్పబోయేది దాదాపు ఆ పద్ధతే. దానికి రొయ్యల పెంకులతో కాచిన రసాన్ని జోడించాను.

ఈ వంట నాకు నేర్పినది ఉత్తర కరోలినాలో మా పక్కింట్లో ఉండిన ఒక పెద్దావిడ. మొదటిసారి ఆమె వంటింట్లో నిలబడి చూసినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒక్కటే: ఆమె గంటసేపు గ్రిట్స్ గిన్నె దగ్గరే ఉన్నారు, రొయ్యలకు మాత్రం ఐదు నిమిషాలకు మించి ఇవ్వలేదు. మన ఇళ్లలో రొయ్యల కూర అంటే శ్రమంతా రొయ్యల మీదే పెడతాం, అన్నం దానంతట అది ఉడుకుతుంది. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. గ్రిట్స్ సరిగా కుదిరితే మిగిలిన వంట సగం అయిపోయినట్టే. గ్రిట్స్ చెడితే ఎంత మంచి రొయ్యలు వేసినా ఆ పళ్లెం నిలబడదు.

కాబట్టి ముందుగా గ్రిట్స్ గురించి. ఎండిన మొక్కజొన్నను రవ్వగా విసిరితే వచ్చేవే గ్రిట్స్. తెలంగాణ పల్లెల్లో మక్కలను పగలగొట్టి వండుకునే గటక తిన్నవారికి ఈ రుచి వెంటనే పట్టుబడుతుంది. ధాన్యం ఒకటే, వండే పద్ధతి కూడా దగ్గరిదే. అమెరికా దుకాణాల్లో ఇవి మూడు రకాలుగా దొరుకుతాయి. రాతి తిరగలిలో విసిరిన స్టోన్‌గ్రౌండ్ రకంలో గింజ మొలక భాగం కూడా ఉంటుంది కనుక మొక్కజొన్న వాసన నిండుగా ఉంటుంది. అదే కారణంగా త్వరగా చేదెక్కుతుంది కూడా, అందుకని పొట్లం విప్పాక ఫ్రిజ్‌లోగానీ ఫ్రీజర్‌లోగానీ పెట్టాలి. క్విక్ గ్రిట్స్ అనేవి మొలక తీసేసి సన్నగా విసిరినవి, ఐదారు నిమిషాల్లో ఉడుకుతాయి. తొందరలో అవి వాడినా తప్పు లేదు, కాకపోతే రుచి పలచబడుతుంది. ముందే ఉడికించి ఎండబెట్టిన ఇన్‌స్టంట్ రకాన్ని మాత్రం ఈ వంటకు వాడవద్దని గట్టిగా చెబుతాను. తెల్లవా పసుపుపచ్చవా అన్నది మీ ఇష్టం. భారతదేశంలో ఉన్నవారు కాస్త బరకగా ఉన్న మొక్కజొన్న రవ్వను తీసుకోవచ్చు. కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లటి మెత్తని పిండి వేరే పదార్థం, అది ఇక్కడ పనికిరాదు.

నలుగురికి ఒక కప్పు గ్రిట్స్ సరిపోతాయి. ఇక్కడ కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. రాత్రే వాటిని అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, నాలుగు కప్పుల నీళ్లు పోసి ఒకసారి కలిపి వదిలేయాలి. కాసేపటికి రవ్వ అడుగుకు చేరి, పొట్టు పైకి తేలుతుంది. దానిని చిన్న జల్లెడతోగానీ గరిటె అంచుతోగానీ తీసివేయాలి. ఈ పని చేయకపోతే ఎంత ఉడికించినా నోటికి పొట్టు తగులుతూనే ఉంటుంది. నానిన నీళ్లను పారబోయకూడదు, ఉడికించవలసింది ఆ నీళ్లలోనే. నానబెట్టే వ్యవధి లేకపోతే నేరుగా వండవచ్చు, కానీ మరో ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది.

గిన్నెను మధ్యస్థమైన మంట మీద పెట్టి, మొదటి ఏడెనిమిది నిమిషాలు కర్ర గరిటెతో ఆపకుండా కలపాలి. ఉండలు కట్టేది ఈ దశలోనే. మన ఉప్మా రవ్వ పోసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉంటామో అంత జాగ్రత్త ఇక్కడ కావాలి. కాసేపటికి నీళ్లలో రవ్వ అడుగుకు దిగడం మానేసి, మొత్తం ఒకే చిక్కదనంతో గరిటెకు బరువుగా తగులుతుంది. అప్పుడు మంటను బాగా తగ్గించి, మూత ఓరగా పెట్టాలి. గిన్నెలో బుడగలు ఎక్కడో ఒకటి, నింపాదిగా పైకి వచ్చి పగలాలి. కుతకుత ఉడుకుతున్నదంటే మంట ఎక్కువైనట్టే. అక్కడి నుంచి ప్రతి ఐదారు నిమిషాలకూ అడుగును గీస్తూ కలపాలి. చిక్కబడినప్పుడల్లా పక్కనే మరుగుతున్న నీళ్లను పావు కప్పు చొప్పున పోయాలి. చల్లనీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. సగం ఉడికాక ఒక చెంచాడు ఉప్పు, ఇరవై నిమిషాలు మిగిలి ఉండగా ఒక కప్పు వేడి పాలు చేర్చాలి. పాలను మొదటే పోస్తే అడుగంటుతుంది.

ఉడికిందో లేదో గడియారాన్ని బట్టి చెప్పలేం. నానిన గ్రిట్స్‌కు సాధారణంగా నలభై ఐదు నిమిషాల నుంచి గంట పడుతుంది, విసిరిన తీరును బట్టి అటూ ఇటూ అవుతుంది. ఆ పెద్దావిడ చెంచాతో కొంచెం తీసి, చల్లారనిచ్చి, నాలుకతో అంగిట్లోకి నొక్కి చూసేవారు. రవ్వ గింజ గింజగా తెలుస్తూనే మధ్యలో పలుకు లేకుండా నలిగిపోతే ఉడికినట్టు. పళ్లెంలో వేస్తే ముద్దగా నిలబడకుండా మెల్లగా పరుచుకోవాలి. దించేముందు మూడు పెద్ద చెంచాల వెన్న, మంట ఆర్పాక సుమారు 100 గ్రాముల తురిమిన ఘాటు రుచి చెడ్డార్ చీజ్, కొద్దిగా మిరియాల పొడి వేసి కలపాలి. మంట మీద ఉండగా చీజ్ వేస్తే నూనె విడిపోయి సాగుతుంది. మూత పెట్టి ఉంచితే అర గంట వరకూ వేడిగా ఉంటుంది. చల్లారే కొద్దీ బిగుస్తుంది కనుక వడ్డించే ముందు కొంచెం వేడి పాలతో జారుగా చేసుకోవాలి.

గ్రిట్స్ ఉడుకుతుండగానే రొయ్యల పని చూసుకోవచ్చు. 450 గ్రాములు, అంటే ఒక పౌండు, పెంకుతో ఉన్నవి తీసుకోవాలి. మన రొయ్యల చెరువుల దగ్గర ముప్పై కౌంట్ అంటే కిలోకు ముప్పై తూగేవని అర్థం, అమెరికాలో కౌంట్ పౌండుకు చెబుతారు. అక్కడ 26/30 అని రాసి ఉన్నవి మన లెక్కలో దాదాపు అరవై కౌంట్, ఈ వంటకు ఆ పరిమాణం చక్కగా సరిపోతుంది. కరోలినా తీరంలో తాజాగా పట్టిన తెల్లరొయ్య దొరికితే అంతకంటే కావలసింది లేదు. దొరకనివారు గడ్డకట్టించిన సంచులు కొంటారు. వాటిలో చాలా సంచుల మీద భారతదేశపు పేరే ఉంటుంది, అందులో పెద్ద వాటా ఆంధ్ర తీరపు చెరువుల్లో పెరిగిన వనామీ రకం రొయ్యదే. భీమవరం వైపు నుంచి వచ్చిన రొయ్య చార్లెస్టన్ వంటలో ఒదిగిపోవడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం. గడ్డకట్టిన వాటిని ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వాలి, వేడినీళ్లలో వేయకూడదు. ఘాటైన అమోనియా వాసన వస్తే పారేయడమే మంచిది.

పెంకులూ తలలూ ఒలిచి పక్కన పెట్టుకొని, వీపు మీద సన్నగా చీరి నల్లటి నరం తీసివేయాలి. ఆ పెంకులను పారేయకండి. చిన్న గిన్నెలో ఒక చెంచా వెన్న వేసి వాటిని ఎర్రబడేదాకా వేయించి, రెండు కప్పుల నీళ్లు, ఒక ఉల్లిపాయ ముక్క, ఒక బిర్యానీ ఆకు వేసి ఇరవై నిమిషాలు సన్నసెగ మీద మరిగించి వడకడితే ఒక కప్పు రసం మిగులుతుంది. గ్రేవీకి సముద్రపు రుచి ఇచ్చేది ఈ రసమే, బజారులో దొరికే ఏ పొడీ దీనికి సాటిరాదు.

ఇక మూకుడు పెట్టాలి. నాలుగు బేకన్ ముక్కలను సన్నగా తరిగి, చల్లటి మూకుడులో వేసి తక్కువ మంట మీద కొవ్వంతా కరిగేదాకా కరకరలాడేలా వేయించి తీసుకోవాలి. రెండు పెద్ద చెంచాల కొవ్వును మాత్రం మూకుడులో ఉంచాలి. పంది మాంసం తినని ఇళ్లలో రెండు చెంచాల వెన్న, ఒక చెంచా నూనె వేడిచేసి అర చెంచా పొగబెట్టిన పాప్రికా (కారం తక్కువగా ఉండే ఎర్ర మిరప) పొడి వేస్తే ఆ పొగ వాసన చాలావరకు వస్తుంది. పొడి మాడితే చేదెక్కుతుంది కనుక దానిని రొయ్యల తరువాత, ఉల్లిపాయలతో పాటు వేయాలి.

రొయ్యలను బట్టతో తడి లేకుండా అద్ది, ఉప్పూ మిరియాల పొడీ చల్లి, బాగా వేడెక్కిన కొవ్వులో ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. ఒక్కో వైపు ఒక్క నిమిషం చాలు. గులాబీ రంగుకు తిరిగి కొడవలిలా వంగితే తీసేయాలి. ఉంగరంలా చుట్టుకుపోయిందంటే ఉడుకు మించిపోయి రబ్బరులా సాగుతుంది. లోపల కొంచెం పచ్చిగా అనిపించినా కంగారు పడనవసరం లేదు, చివర్లో మళ్లీ గ్రేవీలో పడుతుంది. ఉల్లి, అల్లం వెల్లుల్లి వేసి నూనె తేలేదాకా వేపే అలవాటు మన చేతికి ఉంటుంది కనుక, ఈ చోటు దగ్గర చేతిని కాస్త బలవంతంగానే ఆపుకోవాలి.

అదే మూకుడులో 150 గ్రాముల పుట్టగొడుగు ముక్కలను నీరంతా ఇంకి దోరగా అయ్యేదాకా వేయించి, సన్నగా తరిగిన ఒక చిన్న ఉల్లిపాయ, సగం ఆకుపచ్చ క్యాప్సికమ్ వేసి మెత్తబడనివ్వాలి. మూడు వెల్లుల్లి రెబ్బల తరుగు వేసి అర నిమిషం తిప్పి, ఒక పెద్ద చెంచా మైదా చల్లి పచ్చివాసన పోయేదాకా రెండు నిమిషాలు కలపాలి. తరువాత రొయ్యల రసాన్ని కొద్దికొద్దిగా పోస్తూ, మూకుడు అడుగున అంటుకున్న గోధుమరంగు చెక్కును గరిటెతో గీకి అందులో కరగనివ్వాలి. నాలుగైదు నిమిషాలు ఉడికితే గరిటె వెనుక పలచని పూతలా అంటుతుంది. వేలితో గీత గీస్తే ఆ గీత కలిసిపోకుండా నిలిస్తే సరిగా ఉన్నట్టు. రొయ్యలనూ వాటి నుంచి కారిన రసాన్నీ వేసి ఒక నిమిషం ఉంచి, మంట ఆర్పి, సగం నిమ్మచెక్క రసం, కొన్ని చుక్కల టబాస్కో అనే మిరప సాస్, నాలుగైదు ఉల్లికాడల తరుగు కలపాలి. ఉప్పు అప్పుడు చూసుకోవాలి, ఎందుకంటే బేకన్‌లోనూ చీజ్‌లోనూ ముందే ఉప్పు ఉంది. పసుపూ గరం మసాలా వద్దు. కారం కావాలంటే టబాస్కోనే ఇంకొంచెం పెంచుకోవచ్చు.

లోతుగా ఉన్న పళ్లెంలో గ్రిట్స్ పోసి, మధ్యలో చెంచాతో చిన్న గుంట చేసి, రొయ్యలూ గ్రేవీ అందులో నింపి, పైన బేకన్ ముక్కలు చల్లి వెంటనే వడ్డించాలి.

గ్రిట్స్ మిగిలితే వాటిని వెన్న రాసిన పళ్లెంలో వేలెడు మందాన సమంగా పరచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాటికి అవి బిళ్లగా గట్టిపడతాయి. ముక్కలుగా కోసి, కొద్దిగా మైదా అద్ది, వెన్నలో రెండు వైపులా ఎర్రగా కాలిస్తే పైన కరకరగా, లోపల మెత్తగా ఉంటాయి. అమెరికా దక్షిణాది ఇళ్లలో పొద్దున గుడ్డుతో పాటు వడ్డించే పలహారం ఇదే.